బతికి వచ్చినవాడికి భరోసా ఏదీ?

యూఏఈలో పాస్‌పోర్టు రెన్యువల్‌కు వెళ్లిన మనవాళ్లందరి దగ్గరా ఒక రసీదు ఉంటుంది. అసలు ఫీజు కింద అందులో చిన్న పద్దు ఒకటి కనిపిస్తుంది: భారతీయ సమాజ సంక్షేమ నిధి, 8 దిర్హాములు. చాలామందిమి ఆ వరుస చదవం, చదివినా పట్టించుకోం. కానీ పరాయి దేశంలో మన మనిషి పెద్ద ఆపదలో పడితే రాయబార కార్యాలయం తీసి ఖర్చు పెట్టేది ఆ డబ్బే.

2009లో మొదలైన ఈ నిధి పరిధిని 2017 సెప్టెంబరులో పెంచారు. ప్రమాదంలో ప్రాణం మీదికి వచ్చినవారికి, శాశ్వత వైకల్యం మిగిల్చే గాయమైనవారికి అత్యవసర వైద్యం, చిక్కుకుపోయినవారికి ఇంటికి టికెట్టు, చనిపోయినవారి భౌతికకాయాన్ని ఊరికి చేర్చడం వంటివన్నీ దీని కిందికి వస్తాయి. ఆర్థిక స్థితి చూసి, నిజంగా అవసరమైనవారికి ఇస్తారు. మంచి ఏర్పాటు. ఎన్నో కుటుంబాలను ఆదుకుంది. అయితే ఈ సాయం విమానాశ్రయం దగ్గర ఆగిపోతుంది. తలకు గట్టి దెబ్బ తగిలిన మనిషి విషయంలో మాత్రం అసలు కష్టం విమానం దిగాకే మొదలవుతుంది. ఆ తర్వాతి కాలానికి మన ప్రభుత్వాల దగ్గర ఏముంది, ఏం లేదు అన్నదే ఈ వ్యాసం.

రువైస్ రోడ్డు మీద ఒక సాయంత్రం

రువైస్ గురించి తెలియనివారికి రెండు మాటలు. అబుదాబి నగరానికి పడమటగా దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న పారిశ్రామిక పట్టణం ఇది. రిఫైనరీ, పెట్రోకెమికల్ ప్లాంట్లు, వాటి చుట్టూ ఉద్యోగుల కాలనీలు, కాస్త దూరంగా కార్మికుల క్యాంపులు. నేను ప్లాంట్ల సాఫ్ట్‌వేర్ చూసుకునే పనిలో ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. ఉగాదికి, సంక్రాంతికి కాలనీలో కలిసేవాళ్లలో గోదావరి జిల్లాల ఇంజినీర్లు ఉంటారు. షట్‌డౌన్ పనులకు వచ్చే ఫిట్టర్లు, స్కఫోల్డర్లు, హెల్పర్లలో జగిత్యాల, నిజామాబాద్, శ్రీకాకుళం, కడప వాళ్లు ఎక్కువ.

అలా పరిచయమైనవాడే జగిత్యాల జిల్లా తమ్ముడు ఒకడు. రెండేళ్ల కిందట ఒక సెలవురోజు సాయంత్రం సామాన్ల కోసం సైకిల్ మీద బయల్దేరాడు. కారు తగిలింది. తలకు హెల్మెట్ లేదు. రాత్రికి రాత్రే అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు. మూడు వారాలు స్పృహ లేదు. అబుదాబి ఎమిరేట్‌లో ఆరోగ్య బీమా తప్పనిసరి కాబట్టి ఆసుపత్రి బిల్లు గండం గడిచింది. నాలుగు నెలల తర్వాత, పక్కన ఒక మనిషి తోడుగా, వీల్‌చెయిర్లో శంషాబాద్‌లో దిగాడు. మేమంతా చందాలు వేసుకున్నాం. మొదటి నెల రెండు వందల మంది దాకా ఇచ్చారు. ఆరో నెలకు ఎనిమిది మంది మిగిలాం. అందులో ఎవరి తప్పూ లేదు. చందా అనేది మంటలు ఆర్పడానికి పనికొస్తుంది గానీ ఏళ్ల తరబడి ఇల్లు నడపడానికి కాదు.

ఓ రోజు అతని భార్య ఫోన్ చేసింది. ఊళ్లో ఎవరో చెప్పిన మాట ఆమెను తొలిచేస్తోంది. "అన్నా, ఆయన సచ్చిపోతె అయిదు లచ్చలు వస్తుండెనట గద. బతికిండు. మరి మాకేం రాదా?"

ఆ ప్రశ్నలో ఆశ లేదు, అత్యాశ అసలే లేదు. ఉన్నది లెక్క. పిల్లల ఫీజు, మందులు, బీడీలు చుట్టే పనికి కూడా వెళ్లలేక ఇంట్లోనే కావలి కాస్తున్న తన రోజు కూలి, అన్నీ కలిపి వేసుకున్న లెక్క. ఆమె విన్నది నిజమే. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది. 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకు అది వర్తిస్తుంది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత వచ్చిన మంచి నిర్ణయం. కానీ అది మరణానికి. బతికి, పని చేయలేని స్థితిలో తిరిగొచ్చినవాడికి కాదు.

పైకి కనిపించని దెబ్బ

కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. మెదడుకు తగిలిన గాయం అలా కాదు. పుర్రె మీద కుట్లు మానిపోయి, జుట్టు పెరిగాక మనిషి మామూలుగానే కనిపిస్తాడు. జ్ఞాపకం, ఏకాగ్రత, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, ఒక పని తర్వాత ఇంకో పని వరసగా చేసుకోవడం లాంటివి దెబ్బతిని ఉంటాయి. మా ప్లాంట్లలో ఒక్కోసారి కంట్రోల్ రూము తెరమీద లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, లోపల ఎక్కడో లెక్క తప్పుతూ ఉంటుంది. ఇదీ అలాంటిదే.

మా తమ్ముడు నడుస్తాడు, మాట్లాడతాడు. కానీ పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోతాడు. అంగడికి పంపితే ఖాళీ చేతులతో తిరిగొస్తాడు. పిల్లలు కాస్త గట్టిగా అరిస్తే చేతిలో ఏది ఉంటే అది విసురుతాడు. ఒకే ప్రశ్న పూటకు ఇరవైసార్లు అడుగుతాడు. చుట్టుపక్కలవాళ్లేమో "కాలుచేతులు మంచిగనే ఉన్నయి గద, పనికి పొమ్మనరాదు?" అంటారు. ఆ మాట భార్యకు గాయం మీద కారం.

ఇలాంటివారికి కావలసింది ఆపరేషన్ కాదు, ఆ తర్వాతి శిక్షణ. ఫిజియోథెరపీతో పాటు మాట, మింగడం, జ్ఞాపకం, రోజువారీ పనులు మళ్లీ నేర్పే చికిత్స. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. జగిత్యాల నుంచి బెంగళూరు ఎన్నిసార్లు తిరగగలరు? వాళ్లకు దగ్గర్లో దొరికింది ఫిజియోథెరపీ ఒక్కటే. కాలు బాగానే ఉన్నవాడికి కాలి వ్యాయామం.

ఏ సాయం ఎంతవరకు

మన చేతిలో ఏమీ లేదని చెప్పడం అన్యాయం. ఉన్నవాటిని ఒకసారి వరసగా చూద్దాం.

పనిలో ఉండగా గాయపడితే ఇక్కడి చట్టం గట్టిది. 2021లో వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం చికిత్స ఖర్చు యజమానిదే. చికిత్స కాలంలో 6 నెలలు పూర్తి జీతం, ఇంకా కోలుకోకపోతే మరో 6 నెలలు సగం జీతం. మరణిస్తే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షల దిర్హాములు దాటకూడదు. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే కూడా ఇంతే మొత్తం. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి. ఇక్కడి చట్టం చావునూ పూర్తి వైకల్యాన్నీ ఒకే తక్కెడలో తూచింది. మన ఊళ్లో మాత్రం ఒక పళ్లెం ఖాళీగా ఉంది.

పని వేళ దాటాక రోడ్డు మీద జరిగితే దారి వేరు. వాహన బీమా, కోర్టు. 2019 జూన్ 6న మస్కట్ నుంచి దుబాయ్ వస్తున్న బస్సు రషీదియా దగ్గర ఎత్తు నియంత్రించే అడ్డస్తంభానికి గుద్దుకుని 17 మంది చనిపోయారు. వారిలో 12 మంది భారతీయులు. అదే బస్సులో బతికి బయటపడి, మెదడుకు శాశ్వత నష్టం జరిగిన ఒక భారతీయ విద్యార్థికి 50 లక్షల దిర్హాముల పరిహారం ఖాయమైన సంగతి 2023లో పత్రికల్లో వచ్చింది. అంటే దాదాపు నాలుగేళ్లు. అన్నాళ్లు నిలబడి పోరాడగలిగిన కుటుంబాలు ఎన్ని?

ఈసీఆర్ పాస్‌పోర్టుతో వచ్చే కార్మికులకు కేంద్రం ప్రవాసీ భారతీయ బీమా యోజనను తప్పనిసరి చేసింది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాద మరణానికి గానీ, ఉద్యోగం పోయేంతటి శాశ్వత వైకల్యానికి గానీ 10 లక్షలు. విజిటింగ్ వీసా మీద వచ్చి ఇక్కడ పని చూసుకున్నవారికి ఈ పాలసీ ఉండదు. పదో తరగతి దాటి, ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు ఉన్నవారికి ఇది తప్పనిసరి కాదు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఏపీఎన్ఆర్టీ సొసైటీ ద్వారా ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. దానిలోనూ ప్రమాద మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ 10 లక్షలే. ఇది ముందుగా మనమే చేరాల్సిన పథకం. ప్రమాదం జరిగాక తలుచుకుంటే లాభం లేదు.

ఊరికి చేరాక మిగిలేది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, ప్రమాదాల వల్లో పక్షవాతం వల్లో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016. అది కూడా సదరం శిబిరంలో కనీసం 40 శాతం వైకల్యం తేలితేనే.

చిక్కంతా ఆ శిబిరంలోనే ఉంది.

21 గళ్లలో లేని గాయం

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకు ముందున్న చట్టంలో 7 మాత్రమే. పార్కిన్సన్స్ ఉంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, తలసీమియా, యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు. ప్రమాదంలో మెదడుకు గాయమైనవారు అని విడిగా ఒక గడి లేదు. కాలో చెయ్యో పడిపోతే శారీరక వైకల్యం కింద లెక్క కడతారు. మాట పోతే ఆ గడి వేరే ఉంది. జ్ఞాపకం పోతే, స్వభావం మారిపోతే ఏ గడిలో వేస్తారు?

మా తమ్ముణ్ని మొదటిసారి శిబిరానికి తీసుకెళ్తే కాళ్లూ చేతులూ కదిలించి చూసి పంపించారు. చాలా ఇళ్లలో ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. కానీ ఒక దారి ఉంది. అదే చట్టంలో 'మానసిక అనారోగ్యం' నిర్వచనాన్ని చదివితే అందులో ఆలోచన, మానసిక స్థితి, గ్రహింపు, తానెక్కడున్నానన్న స్పృహ, జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడం అన్నీ ఉన్నాయి. అంటే ఎముకల డాక్టరు దగ్గరికే కాక సైకియాట్రిస్టు దగ్గరికీ వెళ్లి, గాయం తాలూకు స్కాన్లు చూపించి, ఆ కోణంలో పరీక్ష చేయమని అడగవచ్చు. అప్పుడు ఇంకో గోడ అడ్డొస్తుంది. "మా ఆయనకు పిచ్చి అని రాస్తరా?" అని ఆమె వెనక్కి తగ్గింది. ఆడపిల్ల పెళ్లి, ఊళ్లో మాట, ఇవన్నీ ఆమె ముందున్నాయి. ఆ భయాన్ని మనం తప్పు పట్టలేం. గాయానికి గాయం పేరే పెట్టే ఒక గడి ఉంటే ఆమెకు ఆ ఇరకాటం వచ్చేది కాదు.

బ్యాంకు కథ ఇంకోటి. సంతకం ఎందుకు పెడుతున్నాడో తెలియని మనిషి ఖాతాలో డబ్బున్నా భార్య తీయలేదు. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించే పద్ధతి చట్టంలో స్పష్టంగా లేదని గమనించి 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. సగం తెలివిలో ఉన్నవారి సంగతి అంతకంటే చిక్కు.

దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 2022లో 1,68,491 మంది చనిపోయారు. ఈ అంకె పార్లమెంటులో వినిపిస్తుంది, పత్రికల్లో వస్తుంది. బతికి, మెదడు గాయంతో ఇంట్లో కూర్చున్నవారికి అలాంటి అంకె ఏటా మన చెవిన పడదు. 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం నిజంగా గొప్ప అడుగు. రోడ్డు ప్రమాద బాధితుడికి 7 రోజుల వరకు లక్షన్నర రూపాయల చికిత్స. ప్రాణం నిలిపేది ఆ 7 రోజులే. ఎనిమిదో రోజు నుంచి మాత్రం ఆ ఇల్లు ఒంటరిదే.

వేరేచోట ఎలా చేస్తున్నారు

అమెరికాలో 1996లో మెదడు గాయాల చట్టం అనే ఒక ప్రత్యేక చట్టమే తెచ్చారు. దాని కింద కేంద్రం రాష్ట్రాలకు గ్రాంట్లు ఇస్తుంది. కేంద్రం రెండు డాలర్లు పెడితే రాష్ట్రం ఒక డాలరు కలపాలి. ఆ డబ్బు నేరుగా రోగి చేతికి రాదు. ఎవరికి గాయమైందో గుర్తించడం, డాక్టర్లకూ టీచర్లకూ శిక్షణ, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో కుటుంబానికి దారి చూపించే మనిషిని పెట్టడం లాంటి పనులకు వాడతారు. సలహా మండలిలో గాయపడినవారికీ చోటు ఉంటుంది. చెక్కు కంటే ఆ దారి చూపించే మనిషి విలువైనవాడని నా అభిప్రాయం. జగిత్యాలలో ఆ ఇల్లాలికి లేనిది అదే.

మనవాళ్లు ఎక్కువగా ఉండే అట్లాంటా ఉన్నది జార్జియా రాష్ట్రంలో. అక్కడ ఇంకో పద్ధతి. తాగి బండి నడిపినవారి జరిమానాకు అదనంగా పది శాతం వసూలు చేసి, మెదడు, వెన్నెముక గాయాలైనవారి కోసం ఒక ట్రస్టు నిధిలో వేస్తారు. దీని కోసం 1998లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగ సవరణకే ఒప్పుకున్నారు. ఆ నిధి నుంచి వ్యక్తులకు గ్రాంట్లు వెళ్తాయి. తలలు పగలగొట్టే అలవాటు మీద పడిన జరిమానాతోనే పగిలిన తలలకు సాయం. ఇంతకంటే న్యాయమైన లెక్క ఏముంటుంది?

న్యూజిలాండ్ ఇంకా ముందుకెళ్లింది. 1974 నుంచి అక్కడ ప్రమాదంలో గాయపడిన ప్రతి ఒక్కరికీ, తప్పు ఎవరిదని అడగకుండా, ప్రభుత్వ సంస్థే చికిత్సా పునరావాసమూ చూసుకుంటుంది. ఆ దేశం చూడటానికి వెళ్లినవాళ్లకు కూడా. అంత దూరం ఎందుకు, గల్ఫ్‌కు మనకంటే ముందు నుంచి వస్తున్న కేరళలో మంచం పట్టినవారిని చూసుకునే ఇంటి మనిషికి నెలకు 600 రూపాయలిచ్చే ఆశ్వాసకిరణం పథకం ఉంది. మొత్తం చిన్నదే. కానీ సేవ చేసే మనిషిని ప్రభుత్వం గుర్తించింది.

మనం అడగాల్సినవి

కొత్త చట్టాలు కావాలని కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి. ఉన్నవాటిని కాస్త సాగదీస్తే చాలు.

ఒకటి, తెలంగాణ గల్ఫ్ ఎక్స్‌గ్రేషియాను మరణంతో పాటు శాశ్వత పూర్తి వైకల్యానికీ వర్తింపజేయాలి. యూఏఈ కార్మిక చట్టం ఆ రెంటినీ సమానంగా చూస్తున్నప్పుడు మనం చూడలేమా?

రెండు, 2016 చట్టంలోని 24వ సెక్షన్‌లోనే ఎక్కువ ఆసరా అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం గురించి రాసి ఉంది. దాన్ని రెండు రాష్ట్రాలూ మెదడు గాయాల వారి ఇళ్లకు అమలు చేయాలి.

మూడు, సదరం శిబిరాల్లో తల గాయంతో వచ్చినవారిని న్యూరాలజీ, సైకియాట్రీ డాక్టర్లు కూడా చూడాలని ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. పైసా ఖర్చు లేని పని.

నాలుగు, హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా మందుబాబుల జరిమానాల్లో కొంత భాగాన్ని జిల్లాకొక పునరావాస కేంద్రానికి కేటాయించాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులోనే హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటరు తెరిచింది. ఆంధ్రప్రదేశ్‌కు ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉంది. మన సంఘాలు పండగలకు మంత్రులను పిలిచినప్పుడు శాలువాతో పాటు ఈ నాలుగు వరుసల కాగితం కూడా చేతిలో పెట్టవచ్చు.

ఇంట్లో ఉంచుకోవాల్సిన కాగితాలు

గాయపడిన మనిషిని ఊరికి పంపే హడావిడిలో కాగితాలు ఇక్కడే ఉండిపోతుంటాయి. తర్వాత వాటి కోసం తిరగడం నరకం. టికెట్టు కొనేముందే ఇవి చేతికి తీసుకోండి: పోలీసు రిపోర్టు, ఆసుపత్రి పూర్తి డిశ్చార్జి సమ్మరీ, సీటీ, ఎమ్మారై స్కాన్ల డిస్కు, వైకల్య శాతం రాసిన వైద్య నివేదిక. ఆసుపత్రిలో చేర్చిన రోజు గ్లాస్గో కోమా స్కోరు ఎంతో సమ్మరీలో ఉండేలా చూడండి. అది 3 నుంచి 15 వరకు ఉంటుంది. 8 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే తీవ్రమైన గాయం. ఊళ్లో మనిషి బాగానే కనిపిస్తున్నా గాయం ఎంత పెద్దదో చెప్పే సాక్ష్యం ఆ అంకె. పరిహారం కేసు వేసేదుంటే వీసా రద్దు కాకముందే వకీలుతో మాట్లాడండి. గడువులు మన బాధ తెలిసి ఆగవు.

సలహా కోసం యూఏఈలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342 ఉంది. పరిహారం, సంక్షేమ నిధి గురించి అక్కడ అడగవచ్చు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే దానికి ఒక నంబరు వస్తుంది, ఆ నంబరుతో వెంటపడవచ్చు.

ఇదంతా క్యాంపుల్లో ఉండే కార్మికుల గొడవ, మనకెందుకు అనుకోకండి. మనలో చాలామందికి కంపెనీ ఇచ్చేది వైద్య బీమా ఒక్కటే. పని చేయలేని స్థితి వస్తే జీతం ఆగిపోతుంది, దానితో పాటే వీసా, పిల్లల బడి. మూడు నెలలు ఉండి పోదామని వచ్చిన అమ్మానాన్నలు స్నానాలగదిలో జారిపడినా తల గాయమే. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవారికి అది ఇంకా ప్రమాదం. అందుకే ఈ వారం ఒక పని చేయండి. మీ పాలసీ కాగితం తీసి శాశ్వత వైకల్యం అన్న మాట ఎక్కడుందో, దాని కింద ఏం రాశారో చదవండి. తల్లిదండ్రుల విజిటింగ్ బీమా కూడా. మీకు తెలిసిన క్యాంపు తమ్ముళ్లలో ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను వాళ్ల బీమా నంబరు ఊళ్లో భార్య దగ్గర ఉందో లేదో అడగండి. చాలామంది ఇళ్లలో పాలసీ ఉన్న సంగతే తెలియదు.

మా తమ్ముడి కేసు ఇంకా నడుస్తోంది. రెండోసారి సదరం శిబిరానికి స్కాన్లతో, సైకియాట్రిస్టు చీటీతో వెళ్లారు. సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్నారు. వచ్చే నెల పింఛను దరఖాస్తు నింపేటప్పుడు ఫోన్లో తోడుండమని అతని భార్య అడిగింది. గురువారం రాత్రి అనుకున్నాం.